చాలమ్మ

మూడో రోజు

ఆస్పత్రి ఓడ ఈ ఉదయం వెళ్ళిపోయింది. మళ్ళీ నలభై రోజులకి వస్తుంది. వెళ్ళేముందు డాక్టరుగారు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, తిన్నదీ తాగినదీ రోజూ రాయమన్నారు. మనసులో ఏమనిపిస్తే అదీ రాయమన్నారు. నిమ్మకాయంత పొట్ట మిగిలిన మనిషికి ఇంత లావు పుస్తకం దేనికా అనిపించింది. రాశాను.

రాసేది పైడితల్లి. వయసు నలభై నాలుగు. ఊరు తెప్పలపేట, ఉండేది తొమ్మిదో తెప్ప మీద. పని, తెప్పల కీళ్ళు చూడటం. తెప్పకీ తెప్పకీ మధ్య తాళ్ళూ బోల్టులూ బిగించడం, ఏ తెప్ప ఎటు వాలిందో రసమట్టంలో బుడగ చూసి రాసుకోవడం. బరువు నూట పద్దెనిమిది కిలోలు. నేను తొమ్మిదో తెప్ప ఈశాన్యం మూల నిలబడితే బుడగ రెండు గీతలు జరుగుతుంది. ఈ లెక్క ఎవరూ అడగలేదు, నాకు నేనే రాసిపెట్టుకున్నాను.

షుగరు మూడొందలు దాటింది. మోకాళ్ళు నిచ్చెన దిగనివ్వడం లేదు. అందుకే ఓడలో పొట్ట కోయించుకున్నాను.

నేడు తాగింది: నీళ్ళు, చెంచాతో, పావుగంటకొకసారి.

నాలుగో రోజు

చాలమ్మ గురించి రాయాలి.

పొట్ట చిన్నది చేశాక ఆరునెలలపాటు ఆకలీ తెలియదట, కడుపు నిండటమూ తెలియదట. నరాలు మొద్దుబారి ఉంటాయి. అందుకని ఎడమ డొక్కలో అగ్గిపెట్టెంత పెట్టె పెట్టారు. కంచమో గ్లాసో చప్పుడైతే అది తెరుచుకుంటుంది, అప్పుడు ఆకలేస్తుంది. నేను "చాలు" అంటే మూసుకుంటుంది, ఆకలి పోతుంది. మూసుకునేటప్పుడు లోపల టక్కుమంటుంది. ఓడలో మూడుసార్లు పరీక్షించారు. మూడుసార్లూ టక్కుమంది.

ఇలాంటి పెట్టె మా ఊరికి నాదే మొదటిది. దానికి చాలమ్మ అని పేరు పెట్టింది మా అప్ప.

అప్ప అంటే మా అక్క నూకరత్నం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. వంట తెప్ప మీద వడ్డన పెద్ద. మా ఊళ్ళో నిప్పు ఆ ఒక్క తెప్ప మీదే రాజేస్తారు. అందుకని మూడువందల పన్నెండు మందిమీ అక్కడే పంక్తిలో కూర్చుని తింటాం. మూడువందల పన్నెండు మందికీ మా అప్ప చెయ్యి తెలుసు. ఆ చెయ్యి తెలిసినవాళ్ళలో నాలాంటి ఆకారాలు ఇంకో పదకొండున్నాయి.

తాగింది: మజ్జిగ తేట, అరగ్లాసు, పొద్దుటినుంచి సాయంత్రందాకా.

తొమ్మిదో రోజు

గంజి వార్చిన నీళ్ళు, పప్పుకట్టు. ఫ్లాస్కులో పోసి గదికే పంపుతున్నారు. రోగులకి పది రోజులు ఆ వీలుంది. ఆ తర్వాత పడక తెప్పల మీదికి తిండి తేకూడదు. తిండి ఉన్నచోటికి ఎలుక వస్తుంది, ఎలుక వచ్చినచోట తాడు మిగలదు. ఆ నియమం రాసి, పంచాయతీలో పట్టుబట్టి ఒప్పించింది నేనే.

ఫ్లాస్కు పక్కన గ్లాసు పెడతాను, చాలమ్మ తెరుచుకుంటుంది. నాలుగు గుక్కలు తాగి "చాలు" అంటాను, టక్. ఎంత బుద్ధిమంతురాలో.

మధ్యాహ్నం గాలి ఇటు తిరిగి చేపల పులుసు వాసన వచ్చింది. ఏమీ అనిపించలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ వాసనకి నాకు ఏమీ అనిపించకపోవడం ఇదే మొదలు. కిటికీ వెయ్యలేదు, దగ్గరికీ వెళ్ళలేదు. ఏడుపొస్తుందేమో అని కాసేపు చూశాను. రాలేదు.

బరువు నూట పది.

పదకొండో రోజు

నేటినుంచి పంక్తిలో తినాలి. చోడి జావ, అదే రాగి జావ, పలచగా, ఆరు చెంచాలు. అప్ప చివరి వరసలో ఉల్లిపాయలు పంచుతూ నా వైపు రాలేదు. జావ తాగాను, "చాలు" అన్నాను, టక్.

ఓడలో పెట్టెల పని చూసే అమ్మాయి పేరు తబిత. రోజూ పదింటికి రేడియోలో పలకరిస్తుంది. "బాగుందా మేడమ్?" అంటుంది. నన్ను మేడమ్ అనేది ఈ సముద్రం మీద ఆ పిల్ల ఒక్కతే.

పద్నాలుగో రోజు

మెత్తటి తిండి మొదలు. పప్పుతో పిసికిన అన్నం, నాలుగు చెంచాలు. ఒక్కో చెంచా ముప్పైసార్లు నమిలి మింగాలి. తింటూ నీళ్ళు తాగకూడదు.

నేడు మా వరసకి వడ్డించడానికి అప్ప వచ్చింది. పద్నాలుగు రోజులుగా ఆపుకున్నదంతా ముఖంలో ఉంది. నాలుగు చెంచాలు అయ్యాయి. "చాలు" అన్నాను.

"అదేటే పైడీ, అప్పుడే సాలేటి? పిచిక తిన్నంత తిన్నేదు. ఇంకొక్క గరిట."

టక్ అనలేదు. దానికి బదులు ఆకలి వేసింది. మామూలు ఆకలి కాదు, మూడు పూటలు పస్తున్నవాళ్ళ ఆకలి. "చాలప్పా" అన్నాను మళ్ళీ. ఇంకా వేసింది. గరిట నా కంచంలో బోర్లించింది. తిన్నాను. ఇంకొకటి వేసింది. అదీ తిన్నాను.

తెప్ప అంచుదాకా పరిగెత్తి, తిన్నదంతా సముద్రంలో కక్కాను. చేపలు వచ్చాయి. వాటికి ఎవరూ చాలమ్మని పెట్టలేదు.

పదిహేనో రోజు

తబితకి చెప్పాను. గదిలో ఒంటరిగా ఖాళీ కంచం మీద చెంచాతో కొట్టి, "చాలు" అని చూడమంది. చూశాను. టక్.

"పెట్టె బాగానే ఉంది మేడమ్" అంది.

అంటే నేను బాగా లేనన్నమాట. సరే.

పదిహేడో రోజు

పంక్తి. అప్ప వడ్డన. "చాలు" అన్నాను. "అయ్యో" అంది అప్ప. అంతే, కడుపులో పొయ్యి రాజుకుంది. అయిదు గరిటెలు తిన్నాను. ఎన్నని లెక్కపెట్టింది పక్కన కూర్చున్న కన్నంనాయుడు. అతనూ వడ్డించేవాడే, వేరే వరసకి. నేను లెక్కపెట్టే స్థితిలో లేను.

ఈసారి కక్కుకున్నప్పుడు నెత్తురు చార కనిపించింది. చెమటలు పట్టి, గంటసేపు చెక్కల మీదే పడుకున్నాను. అప్ప నా తల ఒళ్ళో పెట్టుకుని, "ఒంట్లో సత్తువ నేదు, తిండి సాలకే ఇలగైపోతంది" అని ఏడ్చింది. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వితే కుట్లు లాగుతున్నాయి.

తబిత డాక్టరుగారిని రేడియో దగ్గరికి పిలిచింది. ఆయన దాచలేదు. లోపలి కుట్లు ఇంకోసారి ఇలా సాగితే విడిపోతాయి. విడిపోతే ఒక్క రోజు బతుకుతాను. ఓడ రావడానికి ఇంకా ఇరవై ఆరు రోజులు.

భయం వేసింది. మనసులో ఏమనిపిస్తే అది రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

పంతొమ్మిదో రోజు

నిన్నా నేడూ పలచటి జావ మీదే ఉన్నాను. కంచంలో పావుగ్లాసుకి మించి పొయ్యనివ్వకుండా, కన్నంనాయుణ్ణి పక్కన కాపలా పెట్టుకుని తాగుతున్నాను. అప్ప ఆమడదూరంలో ఉంటేనే టక్ అంటుంది. అప్ప గొంతు ఏ మూల వినిపించినా తెరుచుకుంటుంది. ఈ పావుగ్లాసు జావతో ఇంకో వారం దాటితే కుట్ల సంగతి తర్వాత, నేనే ఉండనట. మాంసకృత్తులు కావాలట. గుడ్డు, చేప, పప్పు. అంటే ముద్ద తినాలి. ముద్ద తినాలంటే చాలమ్మ మూసుకోవాలి.

అప్ప పక్కనుండగా వేరే మాటలు ప్రయత్నించాను. వద్దు. ఇంక పట్టదు. పీకలదాకా వచ్చింది. తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఒక్కో మాటకీ ఆకలి ఒక్కో మెట్టు ఎక్కింది. చివరిదానికైతే కంచం అంచు కొరకబుద్ధేసింది.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి.

ఇరవయ్యో రోజు

తబిత కారణం కనిపెట్టింది. చెప్పడానికి ఇబ్బంది పడింది.

"మేడమ్, పెట్టెకి తినేవాళ్ళ మాటలు నేర్పాలి కదా. దానికోసం ఒక పంక్తిలో ఏడాదిపాటు రికార్డు చేశాం."

"ఎక్కడ?"

"మీ ఊళ్ళోనే."

గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట వంట తెప్ప దూలానికి నల్లటి కాయలాంటివి వేలాడగట్టారు. ఏమిటివి అంటే గాలి కొలిచేవి అన్నారు.

ఆ ఏడాదిలో మా పంక్తిలో "చాలు" అన్న మాట నలభై ఒక్క వేలసార్లు వినిపించిందట. అందులో ముప్పై ఎనిమిది వేలసార్లు, ఆ మాట అన్న మనిషి ఆ తర్వాత కనీసం ఇంకో గరిట తిన్నాడట. పాపం చాలమ్మ ఏం నేర్చుకుంటుంది? వడ్డించేవాళ్ళు గరిటతో పక్కనుండగా "చాలు" అంటే ఇంకా కావాలని అర్థం అని నేర్చుకుంది. "వద్దు" అంటే మొహమాటం అని నేర్చుకుంది. మా ఊరిని మాకంటే బాగా అర్థం చేసుకుంది. మొదటి "చాలు"కే గరిట వెనక్కి తీస్తే అది మర్యాద కాదు, తగువు. అది నాకూ తెలుసు. నలభై నాలుగేళ్ళుగా తెలుసు.

"మరి నిజంగా ఆపినప్పుడు ఏమనేవాళ్ళం?" అని అడిగాను.

"మీరేం అనలేదు మేడమ్. వడ్డించేవాళ్ళు అన్నారు. సరేలే, చెయ్యి కడుక్కో, అని. ఆ మాట తర్వాత ఒక్కరు కూడా ఒక్క మెతుకు తినలేదు."

అంటే తినేవాళ్ళకి ఆపే హక్కు లేదు. పెట్టేవాళ్ళు ఒప్పుకోవాలి.

ఇరవై ఒకటో రోజు

కన్నంనాయుణ్ణి అడిగాను. మూడు చెంచాల గుడ్డు పొరటు తిన్నాక అతను గొంతు సవరించుకుని, "సెయ్యి కడుక్కో పైడమ్మా" అన్నాడు. టక్. ప్రాణం లేచొచ్చింది.

అవతలి వరసలోంచి అప్ప, "ఒరే కన్నంనాయుడా, దాన్ని లెగగొట్టీడానికి నువ్వెవుడివిరా? తిననీ గుంటని" అంది. మళ్ళీ తెరుచుకుంది. కన్నంనాయుడు నాలుగుసార్లు కడుక్కోమన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను కంచం అతనికిచ్చేసి, బయటికొచ్చి, తాడు పట్టుకుని, ఆకలి దానంతటది చల్లారేదాకా రెండు గంటలు నిలబడ్డాను.

తబిత చూసి చెప్పింది. ఆ ఏడాది రికార్డుల్లో సగం మా అప్ప గొంతేనట. చాలమ్మకి మిగతా గొంతులన్నీ ఒకెత్తు, ఆ గొంతు ఒకెత్తు. ఇంకో విచిత్రం. మిగతా వడ్డించేవాళ్ళందరూ "చెయ్యి కడుక్కో" అన్నారు. ఏడాది మొత్తంలో అప్ప ఒక్కసారి కూడా అనలేదు.

"కొత్తగా నేర్పాలంటే ఓడ రావాలి. పోనీ ఆవిడ గొంతుతో ఆ మాట తయారుచేసి పంపమంటారా మేడమ్?"

వద్దన్నాను. మా అప్ప అనని మాటని మా అప్ప గొంతులో వినలేను. వడ్డన నుంచి తనని తప్పించమని పంచాయతీని అడగొచ్చు. అడగను. ఆ గరిట తీసేసుకుంటే తనకి చెయ్యే ఉండదు.

ఇరవై రెండో రోజు

అప్పకి అంతా చెప్పాను. వంట తెప్ప వెనక నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఎండబెడుతోంది. చెయ్యి ఆపకుండా వింది. కుట్లు విడిపోతే ఒక్క రోజు అన్నదీ చెప్పాను. అప్పుడు ఆపింది.

"ఒక్క మాటే అప్పా. సెయ్యి కడుక్కో అను. అంతే."

"అనను."

"నేను చస్తానే!"

"ఇంకేటైనా సెప్పమను. లెగమంటాను, పొమ్మంటాను, తిడతాను. ఆ మాట అనను."

"ఎందుకనవు?"

అప్ప చాపలో నెత్తళ్ళని ఒక్కొక్కటే తిరగేసింది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఉప్పేడు గుర్తుందేటి నీకు?"

ఉప్పేడు అంటే ధాన్యం తెప్పలోకి ఉప్పునీళ్ళు వచ్చిన ఏడు. నాకు గుర్తు లేదు.

"నీకైదేళ్ళు. అమ్మ అప్పటికే మంచం మీదుంది. మన ముగ్గురికీ కలిపి రోజుకో గిన్నెడు గంజన్నం ఇచ్చీవోరు. ఒకరోజు నువ్వు మూడు ముద్దలు తినీసరికి, అమ్మకి ఉంచాలని, ఇంక సెయ్యి కడుక్కో అన్నాను. నువ్వు ఏడవనేదు. ఏడిస్తే ఇంకో ముద్ద ఎట్టీదాన్నే. బుద్ధిగా లెగిసి, గిన్నెలో సెయ్యి కడుక్కుని, ఆ నీళ్ళు తాగేసినావు."

నేను చాప పక్కన కూర్చున్నాను.

"ఆ రోజే ఒట్టెట్టుకున్నాను. ఈ నోట ఆ మాట ఇంకెవులికీ రాదని. అరవై కిలోలైనావు, ఎనభైయైనావు, నూరైనావు. ఊరంతా నవ్వీవోరు. నాకు సంతోసంగా ఉండీది."

కీళ్ళ పుస్తకంలో అయితే, నా కళ్ళతో చూడనిది రాయను. ఇది రాస్తున్నాను. ఆ నీళ్ళ రుచి నాకు గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవాలని మధ్యాహ్నమంతా ప్రయత్నించాను.

ఇరవై మూడో రోజు

అప్ప తన పద్ధతిలో ఒక దారి కనిపెట్టింది. నాకు వడ్డించి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను నాలుగు చెంచాలు తిని "చాలు" అన్నాను.

చాలమ్మ మూసుకోలేదు. ఎదురుచూసింది. అప్ప గరిట ముంచే శబ్దం కోసమో, "అయ్యో" కోసమో. నేను చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. పంక్తిలో అందరూ తినడం మానేసి మా ఇద్దరినీ చూశారు. అప్ప కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చివరికి నేనే కంచం మీద పడి, వేళ్ళతో ఊడ్చి తినబోతుంటే కన్నంనాయుడు కంచం లాక్కుని పరిగెత్తాడు. అతన్ని నానా బూతులూ తిట్టాను. సాయంత్రం వెళ్ళి క్షమించమన్నాను.

బరువు తొంభై తొమ్మిది. ఈశాన్యం మూల బుడగ ఒక గీత, ఆపైన కొంచెం. నిచ్చెన దిగలేకపోయాను, ఈసారి మోకాళ్ళ వల్ల కాదు, కళ్ళు తిరిగి.

ఇరవై నాలుగో రోజు

పంక్తి అంతా అయిపోయాక రమ్మని అప్ప కబురు చేసింది. మధ్యాహ్నం రెండు దాటింది. వెళ్ళేసరికి వంట తెప్ప మీద ఎవరూ లేరు. రెండు పీటలు వేసి ఉన్నాయి, ఎదురెదురుగా. అప్ప వడ్డనప్పుడు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తను అందరూ తిన్నాక, పొయ్యి దగ్గర, నిలబడి తింటుంది.

"కూకో" అంది.

నెత్తళ్ళ పులుసు. ముళ్ళన్నీ తీసి, అన్నంలో మెత్తగా పిసికి, కొలిచి నాలుగు చెంచాలు వేసింది. పక్కన అన్నం గిన్నె, గరిట. నేను తిన్నాను. ఒక్కో చెంచా ముప్పైసార్లు నమిలాను. అప్ప పెదవులు కదులుతున్నాయి, తనూ లెక్కపెడుతోంది. మూడున్నర చెంచాల దగ్గర డొక్కలో బరువు తెలిసింది. నిజమైన బరువు, చాలమ్మది కాదు, నాది. అర చెంచా ముద్ద కంచంలో మిగిలింది.

"చాలు" అన్నాను.

ఆకలి లేచింది. వీపుదాకా పాకింది.

"ఆకలేస్తందా?" అంది అప్ప.

"వేస్తోంది."

"బాగా?"

"బాగా అప్పా. చచ్చిపోయేలా ఉంది."

తన చెయ్యి గరిట మీదికి వెళ్ళింది. అది తన తప్పు కాదు, ముప్పై తొమ్మిదేళ్ళ అలవాటు. గరిట పట్టుకుంది, గిన్నెలో ముంచింది, అన్నం పైకి లేచింది. నా నోట్లో నీళ్ళూరాయి. పెట్టవే అని అరవబోయాను. వేస్తే తింటాను, తింటే పోతాను, అది ఇద్దరికీ తెలుసు.

గరిటని అన్నంతో సహా గిన్నెలోకి వదిలేసింది.

"సెయ్యి కడుక్కోమ్మా" అంది.

టక్.

అంతే. పొయ్యిలో నీళ్ళు పోసినట్టు చల్లారిపోయింది. నేను గట్టిగా ఏడ్చాను. అయిదేళ్ళప్పుడు ఏడవనిది కూడా కలిపి ఏడ్చానేమో తెలియదు. అప్ప లేచి చెంబు తెచ్చింది. నన్ను తెప్ప అంచుదాకా నడిపించి, తనే నా చేతి మీద నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు నా వేళ్ళ సందుల్లోంచి జారి, చివరి బొట్టుతో సహా సముద్రంలో పడేదాకా నా చెయ్యి వదల్లేదు.

తిరిగొచ్చి కూర్చున్నాం. అప్ప నా కంచం తన ముందుకి లాక్కుని, మిగిలిన అర చెంచా ముద్ద నోట్లో వేసుకుంది.

"నువ్వు తిన్నావా?" అన్నాను.

"నానెప్పుడు తిన్నాను?"

గరిట తీసుకుని ఆ కంచంలోనే వేశాను. పులుసు పోశాను. తను తలొంచుకుని గబగబా తింది, ఎవరో లేవమంటారన్నట్టు. ఇంకో గరిట ముంచాను.

"సాలు, సాలే" అంది చెయ్యి అడ్డం పెట్టి.

వేశాను.